మంచు ఊళ్లో ఆగిన నలుగురు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో బంగార్రాజు క్వార్టర్ ముందు నుంచి సాయంత్రంపూట ఎవరు నడిచి వెళ్ళినా రెండు చప్పుళ్ళు వినక తప్పేది కాదు. ఒకటి అచ్చియమ్మ సాధింపు. రెండోది టీవీలోంచి వచ్చే టింగుటింగులు. యాభై దాటి, మీసం నెరిసిన గూడ్సు డ్రైవరు చిన్నపిల్లాడిలా మీటల పలక పట్టుకుని టీవీలో బొమ్మ మనుషుల్ని నడిపిస్తుంటే కాలనీకి వింత కాక మరేమిటి?

పక్క క్వార్టర్ అప్పయమ్మకైతే ఆ వింత చూడనిదే అన్నం సహించేది కాదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడేది.

"ఏటి తమ్ముడూ, ఈ బొమ్మ గుంటడు ఇయ్యాల ఏ ఊరెల్లినాడు?"

"అడివి దాటినాడప్పా."

"పెళ్ళయిందా ఈడికి?"

"ఇంకా నేదు. ముందు ఊరోళ్ళ గంట దొరకాల."

"గంట దొరికితే పిల్లనిత్తారా?"

వంటింట్లోంచి అచ్చియమ్మ అందుకునేది. "ఆడి పెళ్ళి సంగతి తరవాత వదినా. పెళ్ళయినోడు బుధవారీ బజారుకెల్లి వంకాయలు తెమ్మంటే వారం నుంచీ తేలేదు, అది సూడు."

వంకాయలు తేకపోవడానికి కారణం అచ్చియమ్మకి తెలుసు. అప్పయమ్మకీ తెలుసు. బజారులో జనం మధ్య పక్కనుంచి వచ్చే సైకిలు బంగార్రాజుకి కనిపించడం మానేసింది. అయినా ఆ మాట ఎవరూ పైకి అనరు. సాధిస్తూ ఉంటే మనిషి బాగానే ఉన్నట్టు ఉంటుంది కదా, అచ్చియమ్మ లెక్క అది.

పలాస పక్కనుంచి తాత కాలంలో వచ్చిన కుటుంబం. బంగార్రాజు బొగ్గింజను మీద పారతో బొగ్గు విసిరి, తర్వాత అసిస్టెంటై, ఆ తర్వాత గూడ్సు డ్రైవరయ్యాడు. కట్నీ లైనంతా అతనికి అరచేయే. కోటా దగ్గర వంపు, ఖోంగ్‌సరా దాటాక ఘాట్లో ఎక్కుడు, సొరంగం లోపలి చల్లగాలి, అన్నీ కళ్ళు మూసుకుని చెప్పేవాడు. చెప్పేవాడే గాని కళ్ళు మూసేవాడు కాదు. ఇంజన్లో ఒక ఆచారం ఉంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు పైకి పలకాలి. డ్రైవరు తన కళ్ళతో కూడా చూసి, అదే మాట తిరిగి పలకాలి. చాలామంది డ్రైవర్లు టీ తాగుతూ, బీడీ ముట్టించుకుంటూ, అసిస్టెంటు అన్నదే అనేస్తారు. బంగార్రాజు అలా అనడు. "వినీసి పలికేవోడు సిలక. సూసి పలికేవోడు డ్రైవరు," అనేవాడు. ఒకసారి ఎర్రయ్య అనే కుర్ర అసిస్టెంటు నిద్రమత్తులో పసుపుని పట్టుకుని పచ్చ అన్నాడు. "పసుపు" అని బంగార్రాజు గట్టిగా పలికి బండి నెమ్మది చేశాడు. తర్వాత స్టేషన్లో ఎర్రయ్యని దింపి, పంపు కింద తలపెట్టించి, పైకి చూసిన ప్రతి దీపం రంగూ చెప్పించాడు. ఎర్రయ్య ఇప్పుడు తనే డ్రైవరు. ఈ కథ తన అసిస్టెంట్లందరికీ చెబుతాడు.

ఇక పాసింజరు బండి మీదికి వెళ్ళే వంతు వచ్చింది. మనుషులెక్కిన బండి తోలాలని ఏ గూడ్సు డ్రైవరుకి ఉండదు? అచ్చియమ్మ అప్పుడే అప్పయమ్మతో గొప్పలు కూడా పోయింది. ఆ వంతుకి ముందు కళ్ళ పరీక్ష. నీటికాసులన్నాడు డాక్టరు. చూపుని అంచుల్నించి లోపలికి తినుకుంటూ వస్తుందిట. పోయినది రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్ళు నిలుస్తుంది. బంగార్రాజుని ఇంజను మీదనుంచి దింపి షెడ్డులో కుర్చీ ఇచ్చారు. మనిషి ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పలకరిస్తే ఊఁ అనేవాడు, అంతే.

అలాంటప్పుడు వచ్చాడు అచ్చియమ్మ తమ్ముడు రాజేంద్ర. విశాఖ రేవునుంచి ఓడల మీద పోయేవాడు. వస్తూ వస్తూ టీవీకి తగిలించే ఆటల పెట్టె ఒకటి, క్యాసెట్టు ఒకటి తెచ్చాడు. కాల్చడం, దూకడం లాంటి ఆట కాదది. బొమ్మ మనిషిని ఊరూరా తిప్పి, ఎదురైనవాళ్ళతో మాట్లాడించి, దారిలో దెయ్యాలతో కొట్లాడి బలం పెంచుకుంటూ, కథ చివరికి చేర్చాలి. మాటలన్నీ ఇంగ్లీషు. కాలేజీలో చదివే కూతురు తనూజ పక్కన కూర్చుని చదివి తెలుగులో చెప్పేది. ఒక ఊరి గంటని ఎవరో ఎత్తుకుపోతే వెతుక్కుంటూ వెళ్ళే కుర్రాడి కథ. ఇంట్లో దానికి "గంట ఆట" అని పేరు పడింది.

బంగార్రాజు మొదట ముఖం చిట్లించాడు. తర్వాత ఒక సాయంత్రం, "ఆ గుంటణ్ణి ఉత్త సేతుల్తో అడివిలోకి పంపిత్తావేటే? ముందు సత్రంలో పడుకోబెట్టు, మందులు కొను. నీళ్ళు పట్టకుండా ఇంజను తోల్తారా?" అన్నాడు. మీటల పలక అతని చేతికి వచ్చేసింది. ఇక చూడాలి! తనూజ అసిస్టెంటైంది. "కుడి పక్క తలుపు" అంటే, అతను చూసి, "కుడి పక్క తలుపు" అనేవాడు. ఆటని అక్కడికి దాచి ఆపడానికి వాళ్ళ మాట "లూపులో పెట్టడం". గూడ్సుని పక్కనున్న లూపు లైనులో నిలిపి మెయిలుకి దారి ఇవ్వడం లాగా, అన్నం వేళయితే ఆటని లూపులో పెట్టేవాళ్ళు. గంట దొరికి ఊళ్ళో మోగినరోజు బంగార్రాజు మీటల పలక కింద పెట్టి లేచి నిలబడ్డాడు. అచ్చియమ్మ చూసి కూడా సాధించలేదు.

ఆ ఏడు హోళీకి ముందు డాక్టరు మళ్ళీ చూశాడు. ఎంత కాలమో తను చెప్పలేనన్నాడు. "చూడాలనుకున్నవి ఏవైనా ఉంటే ఆలస్యం చెయ్యకండి" అన్నాడు. తాజ్‌మహలు చూపిస్తానంది అచ్చియమ్మ. పూరీ పోదామంది. "పాసు రాయించనా?" అని రోజూ అడిగేది. అతను సమాధానం చెప్పేలోపు రాజేంద్ర సెలవు మీద వచ్చి మంచం మీద రెండు క్యాసెట్లు పెట్టాడు.

"ఇది సిన్నది బావా. డేగ బొమ్మ. మాటలు తక్కువ, గబగబా అయిపోద్ది. ఇది పెద్దది. నలుగురు మనుషులు, నాలుగు దేశాలు. నానే ఓడలో సగం కూడా ఆడలేకపోయినాను."

బంగార్రాజు రెండూ చెరో చేత్తో పట్టుకున్నాడు. ఉన్న చూపు ఒక్క ఆటకే సరిపోతుందని అందరికీ తెలుసు. ఆ ఒక్కటీ ఏదన్నదే ప్రశ్న. ఆ రాత్రి రెండు క్యాసెట్లూ తలగడ కిందే పడుకున్నాయి.

మర్నాటి నుంచి ఇంట్లో పంచాయతీ.

"సోచో, కాస్త ఆలోచించు," అంది తనూజ. "చిన్నదైతే పూర్తి చేస్తాం కదా నాన్నా. సగంలో ఆగిపోతే ఏం బాగుంటది?"

"డేగ కంటే కోడి నయం, కూరకైనా పనికొచ్చును," అంది అచ్చియమ్మ.

అప్పయమ్మ రెండు క్యాసెట్ల మీది బొమ్మలనీ తిప్పి తిప్పి చూసింది. "ఈ నలుగురిలో ఆ పిల్ల ఎవలి పెళ్ళాం? అది తెలకుండా ఎలగ?"

పలకరించడానికి వచ్చిన ఎర్రయ్య తన మాట తను చెప్పాడు. "గురూగారూ, మళ్ళీ గంట ఆటే ఆడండి. ఆ రోడ్డు మీకు తెలుసు. కళ్ళు తగ్గినా బండి ఆగదు."

డ్రైవరు కొత్త లైను మీద బండి తోలాలంటే ముందు ఇంకొకరి వెనక నిలబడి ఆ రోడ్డు నేర్చుకోవాలి, నేర్చుకున్నానని సంతకం పెట్టాలి. ఎర్రయ్య మాటలో న్యాయం ఉంది. బంగార్రాజు రెండు క్యాసెట్లనీ చేతుల్లో తూచి చూశాడు.

"తెలిసిన రోడ్డు మీదే నా బతుకంతా తోలీసినాను," అన్నాడు చివరికి. "పాసింజరు దక్కనేదు. కట్నీ అవతల ఏటుందో సూడనేదు. ఒక్క కొత్త రోడ్డు సూడనీండి నన్ను." పెద్ద క్యాసెట్టు తనూజ చేతిలో పెట్టాడు. చిన్నది రాజేంద్ర తిరిగి సంచిలో వేసుకున్నాడు.

ఆటలో నలుగురూ బయల్దేరారు. ఎండాకాలమంతా నడిచారు. ఒక ఎడారి దాటారు, ఒక ఓడ ఎక్కారు. వానలు పడి క్వార్టర్ గోడలు చెమ్మెక్కేసరికి రెండు దేశాలు అయిపోయాయి. బంగార్రాజు కుర్చీ మాత్రం టీవీకి దగ్గరగా, ఇంకా దగ్గరగా జరుగుతూ పోయింది. వెదురుగొట్టంలోంచి చూస్తున్నట్టు తల అటూ ఇటూ తిప్పి తెరని ముక్కలు ముక్కలుగా వెతుక్కునేవాడు. ఒక్కో తలుపు దొరకడానికి చాలాసేపు పట్టేది. తనూజ తొందరపెట్టేది కాదు. "ముందు మెట్లు" అని పలికి ఆగేది. అతను తల తిప్పి, వెతికి, దొరకబుచ్చుకుని, అప్పుడు "ముందు మెట్లు" అనేవాడు.

చలికాలం వచ్చేసరికి ఆ జవాబు మళ్ళీ త్వరగా రావడం మొదలైంది. అచ్చియమ్మ సంబరపడింది. "సుక్కలు పనిసేత్తన్నాయి వదినా," అని అప్పయమ్మకి చెప్పింది. ఆంజనేయుడికి కొబ్బరికాయ కూడా కొట్టింది. బంగార్రాజు ఆ కొబ్బరి ముక్క నములుతూ తల వంచుకున్నాడు.

నలుగురూ మంచు ఊరు చేరిన సాయంత్రం అది. తనూజ జడ వేసుకుంటూ కూర్చుంది. రబ్బరుబ్యాండు పళ్ళ మధ్య ఉంది, మనసు రేపటి పరీక్ష మీద ఉంది. తలుపు కుడి పక్కనుంటే, "ఎడమ పక్క తలుపు" అంది.

"ఎడమ పక్క తలుపు," అన్నాడు బంగార్రాజు వెంటనే.

బొమ్మ మనిషి ఎడమకి నడిచి గోడకి కొట్టుకున్నాడు. డుబ్. మళ్ళీ నడిపించాడు. డుబ్. డుబ్. తనూజ చేతులు జడ మీదే ఆగిపోయాయి. వంటింట్లో అచ్చియమ్మ గరిట చప్పుడు కూడా ఆగింది. గోడకి కొట్టుకునే చప్పుడొక్కటే ఇల్లంతా వినిపించింది.

"సూసి సెప్పినావా అమ్మా?"

"లేదు నాన్నా. గల్తీ అయింది. కుడి పక్క."

బంగార్రాజు మీటల పలక ఒళ్ళో పెట్టుకున్నాడు. "నువ్వు ఒకపాలి సూడనేదు. నాను దసరా నుంచీ సూడ్డం నేదు. సిలకనైపోయినాను."

అచ్చియమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గరిట ఇంకా చేతిలోనే ఉంది.

"నేను ఆడతా నాన్నా," అంది తనూజ. "నువ్వు కూర్చుని విను. కథంతా చదివి చెప్తా. పూరా."

"వొద్దమ్మా. అలగ కూకుంటే పాసింజర్ని నాను. పాసింజరు బండి తోలాలనుండీది గాని, పాసింజర్నవ్వాలని నాకెప్పుడూ నేదు. లూపులో పెట్టీ."

ఆమె లూపులో పెట్టింది. పెద్ద క్యాసెట్టు తీసి, గుడ్డలో చుట్టి, ట్రంకు పెట్టెలో దాచింది.

సంక్రాంతి వెళ్ళిపోయింది. ఇల్లు చప్పబడిపోయింది. టింగుటింగులు లేక అప్పయమ్మకే తోచక, ఒకరోజు అడిగేసింది. "ఏటి తమ్ముడూ, ఆ మంచూళ్లో ఉండిపోయినోళ్ళు ఏటయినారు?"

"సిగ్నల్ కోసం నిలబడినారప్పా."

"పాపం, సలికి సచ్చిపోరూ?"

ఆ మాటకి అతను చాలా రోజుల తర్వాత నవ్వాడు. నవ్వు అయ్యాక తనూజని పిలిచాడు. "గంట ఆట పెట్టమ్మా. ఆ రోడ్డు నాకు తెలుసు. ఇప్పుడు నువ్వు డ్రైవరు, నాను అసిస్టెంటుని. నాను ముందు సెప్తాను. నువ్వు సూసి పలకాల. సూడకుండా పలికినావో, పంపు కింద తల పెట్టిత్తాను."

అలా మళ్ళీ మొదలైంది. బంగార్రాజు మంచం మీద గోడకి ఆనుకుని, తెర వైపు కూడా తిరగకుండా, చీకట్లోంచి దారి చెప్పేవాడు. "బావి దాటేక కుడి. ముసిలోడితో మాటాడు. వొంతెన కింద పెట్టుంటాది." తనూజ చూసి, తిరిగి పలికి, నడిపించేది. అన్నీ చెప్పినచోటే ఉండేవి. అప్పయమ్మ బుగ్గలు నొక్కుకునేది. అచ్చియమ్మ వంటింట్లోంచి మెల్లమెల్లగా సాధింపు మళ్ళీ ఎత్తుకుంది.

ఎండలు ముదిరిన ఒక సాయంత్రం కుర్రాడు గంట దొంగల కోటలోకి వెళ్ళాడు. "ఈ గదికి ఒకటే తలుపు. ఎడమ పక్క," అన్నాడు బంగార్రాజు.

తనూజ కొంచెం ఆగింది. "ఎడమ పక్క తలుపు," అంది.

అడుగుల చప్పుడు వినబడింది. తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. కాని బంగార్రాజు చెవి అడుగులు లెక్కపెట్టుకునే చెవి. గుమ్మం దగ్గర్నుంచి ఎడమ గోడ దగ్గర, కుడి గోడ దూరం. అడుగులు ఎక్కువ పడ్డాయి. తలుపు కుడి పక్కనే ఉంది. తను తప్పు చెప్పాడు. ఆ పిల్ల చూసింది. చూసి కూడా, అతను అన్న మాటే పలికి, బొమ్మని మాత్రం సరైన దారిన పట్టుకుపోయింది.

ఇంజను మీద అయితే దింపేసేవాడు. పంపు కింద తల పెట్టించేవాడు.

"సూసి పలికినావా అమ్మా?" అని అడిగాడు.

"చూసే పలికేను నాన్నా."

కిటికీ అవతల కట్నీ వైపు గూడ్సు ఒకటి కూత వేసుకుంటూ కదిలింది. దాని చివరి పెట్టె చప్పుడు కూడా పోయేదాకా బంగార్రాజు విన్నాడు. తర్వాత చెయ్యి చాపి, గాలిలో తడుముకుని, కూతురి జడ అందుకున్నాడు.

"ఇయ్యాల్టికి సాలు," అన్నాడు. "లూపులో పెట్టీ."