రెండో తుమ్ము

గడప మీద కూర్చోకండమ్మా, ఇలా చాప మీదికి జరగండి. ఇంకాస్త దగ్గరికి. సముద్రం చూడటానికి మేం పడిన తిప్పలు చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. గుంటూరులో మిర్చి యార్డుకు దగ్గరలోనే మా అద్దె ఇల్లు. మా ఆయనకు ట్రాలీ ఆటో ఉండేది. వారమంతా దాంట్లో మిరపకాయల బస్తాలు తోలేవాడు. ఆదివారం యార్డుకు సెలవు కనుక బండి మాది. అందుకే శనివారం పొద్దుగూకేసరికి మా వాకిట్లో ముచ్చట మొదలయ్యేది, రేపెక్కడికి అని.

మంగళగిరి పానకాలస్వామి అంటే మా ఆయనకు మెట్లు భయం. ఉండవల్లి గుహలంటే మా చిన్నదానికి చీకటి భయం. మా అత్తయ్య మాత్రం ఏ వారమైనా అమరావతే అనేది. నాది ఒకటే మాట, సూర్యలంక సముద్రం. నేను పిడుగురాళ్లలో పుట్టాను. సున్నపు బట్టీల పొగా, తెల్లటి దుమ్మూ చూస్తూ పెరిగాను. పెళ్లయ్యాక అమరావతిలో కృష్ణ చూశాను. పెద్దదే. కానీ అవతల గట్టు కనిపిస్తుంది కదా! అవతల గట్టు లేని నీళ్లు ఒక్కసారి చూడాలని నా ఆశ.

పేరుకు అందరూ సరే అనేవాళ్లు. చిక్కంతా తుమ్ముతో వచ్చింది.

బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము పడితే మా అత్తయ్య అడుగు కదపనిచ్చేది కాదు. వెనక్కొచ్చి కూర్చోవాలి, మంచినీళ్లు తాగాలి, కాసేపు ఆగాలి. వెంటనే రెండో తుమ్ము పడితే మాత్రం మంచిదే, నిక్షేపంగా వెళ్లొచ్చు. ఈ పట్టింపు చాలా ఇళ్లల్లో ఉండేదే. కానీ మిరపకాయలు తోలే బండిలో షికారుకు వెళ్లే ఇంట్లో ఉంటే ఎలాగుంటుందో చూడండి! చెక్కల సందుల్లో కారం, పట్టా మడతల్లో కారం. బొంత అలా పరుస్తామో లేదో ఎవరో ఒకరు హాచ్!

"ఆగండి! దిగండందరూ!" అనేది అత్తయ్య.

ఆవిడ కాసేపంటే ఎండ వాకిట్లోకి దిగేదాకా. అప్పుడిక, "ఇంతెండలో ఇసకలో ఏం నడుస్తాంరా? బాపట్ల దాటిపోవాలాయె. అమరావతి పోనీ, చల్లగా దణ్ణం పెట్టుకొద్దాం" అనేది. నేను సర్దిన పులిహోర డబ్బా అమరేశ్వరుడి గుడి దగ్గర తెరుచుకునేది. ఒకసారి కాదు, ఆ ఏడంతా అదే వరస.

"మీ అమ్మ తుమ్ములన్నీ అమరావతి దారే పడుతున్నాయండీ" అన్నానొకసారి మా ఆయనతో.

"తుమ్మింది నువ్వే కదే!" అన్నాడు. నిజమే, ఆ వారం తుమ్మింది నేనే.

ఆ తర్వాత శనివారం ముచ్చట్లలో ఊళ్ల పేర్లు తగ్గిపోయాయి. తుమ్మకుండా ఎక్కడమెలా అన్నదే మా ఆలోచన. తడి తువ్వాళ్లు ముక్కులకు కట్టుకోవాలని ఒకరు, బొంత పక్కవీధిలో దులిపి తేవాలని ఒకరు. "ఎవరికైనా తుమ్మొస్తే ఇద్దరూ కలిసి తుమ్మండి, జంట లెక్కలోకొస్తుంది" అని మా ఆయన. "వేళాకోళమారా నీకు?" అని అత్తయ్య కసిరేది.

చలికాలం వచ్చింది. యార్డులో కొత్త మిరపకాయ దిగటం మొదలైతే ఇక ఆదివారం కూడా మా ఆయనకు బస్తాల దగ్గరే సరిపోతుంది. ఎండాకాలం ముదిరేదాకా బండి ఇంటి మొహం చూడదు. ఆ ఏటికి అదే ఆఖరి ఆదివారం. ముందురోజు ఆయన బండిని బక్కెట్లతో కడిగాడు. చీపురుపుల్లతో చెక్కల సందులు కూడా గీకాడు. తెల్లవారుతూనే పులిహోర, పెరుగన్నం, చల్లమిరపకాయలు సర్దాను. చిన్నది ముక్కు పట్టుకుని ఎక్కింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని ఎక్కాను. ఒక్క తుమ్ము లేదు. ఇక అత్తయ్య ఎక్కాలి.

ఇంటికి తాళం వేసి, నీళ్ల సీసా చంకన పెట్టుకుని వచ్చింది. బండి మీద చెయ్యి వేసింది. తుమ్మింది.

ఒక్కటే.

మా ఆయన ఇంజను ఆపేశాడు. చిన్నది మెల్లగా, "నానమ్మా, ఇంకోటి తుమ్మవా?" అంది.

"అడిగితే వస్తుందటే?"

నేను దిగిపోయాను. కోపం కాదు, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే అటు తిరిగాను.

"ఏమే, దిగావేం?"

"మంచినీళ్లు తాగాలి కదా అత్తయ్యా."

ఆవిడ నా మొహం కాసేపు చూసింది. తర్వాత బండి వెనక్కి వెళ్లి, చెక్కల సందులో వేలు పెట్టి రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. రాలేదు. ఇంకో సందులో రాసింది. రాలేదు.

"ఒరేయ్, ఇంత శుభ్రంగా ఎవడు కడగమన్నాడ్రా నిన్ను?" అని కొడుకుని తిట్టి, తాళం తీసి వంటింట్లోకి వెళ్లింది. కారం డబ్బా తీసుకుని, మళ్లీ తాళం వేసి వచ్చింది. మా అందరి ముందూ మూత తీసి, గట్టిగా పీల్చింది. వీధి అదిరేలా తుమ్మింది! చిన్నది చప్పట్లు కొట్టింది.

అంతలో ఆవిడ మొహం మళ్లీ ముడుచుకుంది. మూడోది వస్తోంది, పడితే మళ్లీ ఒంటి తుమ్మే. డబ్బా నా చేతిలో పెట్టి, ముక్కు రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని, ఆ వయసులో ఎవరి సాయం లేకుండా బండెక్కేసింది.

"పోనీరా! ఇంకోటి వచ్చేలోపు పోనీ! ఎక్కవే, చూస్తావేం?"

కారం డబ్బా ఒళ్లో పెట్టుకునే నేను సముద్రానికి వెళ్లాను. మూడోది పొన్నూరు దాటాక వచ్చింది. అప్పటికి బయల్దేరిపోయాం కనుక లెక్కలోకి రాదని ఆవిడే తీర్పు చెప్పింది.

సూర్యలంకలో నేను చాలాసేపు అలాగే నిలబడిపోయాను. నిజంగానే అవతల గట్టు లేదు. ఎర్రబడ్డ కళ్లతో అత్తయ్య నా పక్కనే నిలబడి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, నా భుజం వదలకుండా పాదాలు తడుపుకుంది.

"నేను మాత్రం ఎప్పుడు చూశానే?" అంది.

మీ ఇంటిల్లిపాదీ పిల్లాపాపలతో చల్లగా ఉండాలి తల్లీ. మీరు ఎక్కడికి బయల్దేరినా, గుమ్మంలో ఒంటి తుమ్ము పడితే వెనకాలే రెండోది తుమ్మిపెట్టే మనిషి మీ ఇంట ఎప్పుడూ ఉండాలి.