పెద్దమ్మ పంపిన డబ్బాలు

ఒక ఫోన్‌ను బాగుచేయబోయి ఇంట్లోని కంప్యూటర్‌ను, నా కాలేజీ ఫోటోలను, ఇద్దరు అక్కాచెల్లెళ్ల మనశ్శాంతిని ఒకేసారి ముంచిన ఘనుణ్ని నేను. నవ్వదలచుకున్నవారు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, నేనేమీ అనుకోను. ఈ కథలో నా తరఫున చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కన దుర్గాపూర్. నాన్న బొగ్గు గనిలో పనికోసం మందమర్రి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు గడగడా మాట్లాడతాను గానీ అప్పట్లో అక్షరం ముక్క రాదు. అమ్మ మందమర్రిలో పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది, ఆమెకు ఇంగ్లిషు రాదు. ఎవరికి ఏది రాదో కాస్త గుర్తుపెట్టుకోండి, మా కొంప మునిగింది అక్కడే.

అమ్మకు మందమర్రిలో ఒక అక్క ఉంది, నాకు పెద్దమ్మ. రోజూ పొద్దున వాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకోకపోతే ఆ రోజు మా ఇంట్లో చాయ్‌కి రుచి ఉండేది కాదు. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన ఉత్సాహంలో అమ్మ బటన్ ఫోన్‌ను దుకాణంలో ఇచ్చేసి చవకరకం ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి తెచ్చాను. దుకాణంవాడు సిమ్మును కూడా చిన్నగా కత్తిరించి పెట్టాడు. ఇక అది పాత ఫోన్లలో నిలవదు. పాతదాంట్లో తెలుగు మెసేజ్‌లు చక్కగా కనిపించేవి. ఈ కొత్త మహారాజులో తెలుగు అక్షరాలే లేవని, వాటి బదులు ఖాళీ డబ్బాలు వస్తాయని నాకు తెలియదు. కొనేముందు చూద్దామన్న ఆలోచనే రాలేదు.

అంతలో పెద్దమ్మకు గొంతులో గడ్డ తీశారు. కొన్నాళ్లు నోరు మెదపకూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడట. పెదనాన్న ఫోన్ చేసి, ఆపరేషన్ బాగానే అయిందని, ఇక కొన్నాళ్లు ఫోన్ చేయవద్దని, చెల్లె గొంతు వింటే ఆమె మాట్లాడకుండా ఉండలేదని చెప్పాడు. అమ్మ సరేనంది. తర్వాత ఒకటి రెండు రోజులకే పెద్దమ్మ తన బటన్ ఫోన్ నుంచి మెసేజ్‌లు పంపడం మొదలుపెట్టింది. అమ్మ తెరిచి చూస్తే వరుసగా డబ్బాలు.

"ఏందిరా గిది? అక్క ఏం రాసిందో ఏమో. పానం మంచిగ లేదేమో," అంది అమ్మ. ఆ పూట అన్నం కలిపి వదిలేసింది.

మా ఇంట్లో ఇంకే ఫోన్లోనూ తెలుగు రాదు కాబట్టి, తెలుగు కనిపించే ఫోన్ ఉన్నవాళ్లకు పంపి చదివించుకుందామని నేనన్నాను. "మా అక్క నాకు రాసింది కాలనీల అందరు చదువుడేంది," అని కొట్టిపారేసింది. పోనీ, అక్కడ పెద్దమ్మ జవాబు కోసం చూస్తుంటుంది కదా అని, వచ్చిన ప్రతి మెసేజ్‌కూ నేనే 'ఓకే' అని కొట్టి పంపాను. మర్యాద తెలిసిన కొడుకుని మరి.

నా దోస్తు ప్రమోద్ పక్కా మరాఠీవాడు. సమస్య విన్నాడు, ఫోన్‌ను రూట్ చేసి తెలుగు ఫాంట్ వేస్తే అయిపోతుందని తేల్చేశాడు. రూట్ చేయడమంటే, కంపెనీవాడు తాళం వేసి ఉంచిన గదిలోకి మనం కంప్యూటర్ సాయంతో దూరడం. పిల్లాట అన్నాడు. నేను వాడికంటే ధీమాగా తలూపాను.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అమ్మ వెనకాల మంచం మీద కూర్చుంది. ఫోన్ ఇవ్వమంటే ఇవ్వలేదు. "నా చేతిలనే ఉండనియ్యి. అక్క మెసేజ్ వస్తే తెలుస్తది," అంది. పొడుగాటి వైరు తెచ్చి ఒక కొస ఆమె ఒడిలోని ఫోన్‌కు, ఇంకో కొస కంప్యూటర్‌కు తగిలించి, అమ్మకు వీపు చూపించి పనిలో దిగాను. ఈ వీపు సంగతి తర్వాత చెబుతాను.

మొదట కంప్యూటర్‌కు ఫోన్ ఉందన్న సంగతే తెలియలేదు. సగం రోజు కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, ఆ వైరు ఉత్త ఛార్జింగ్ వైరట. కరెంటు పోతుంది, కబురు పోదు. ఇంకో వైరు తెచ్చాను. అప్పుడు డ్రైవర్ లేదంది. కంప్యూటర్‌కు ఫోన్ భాష నేర్పే ప్రోగ్రాం అది. వెతికి వేశాను. చివరికి తెరమీద ఫోన్ పేరు కనిపించింది, దాని పక్కనే 'ఆఫ్‌లైన్' అని ఉంది. అంటే మనిషి ఉంది, మాట్లాడడం లేదు. అచ్చం మా పెద్దమ్మ లాగే.

వైరు పీకి మళ్లీ పెట్టాను. కంప్యూటర్ ముందువైపు నుంచి తీసి వెనకవైపు పెట్టాను. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. ప్రమోద్‌కు ఫోన్ చేస్తే వాడు విండోస్ పాడై ఉంటుంది, మొత్తం తుడిచి కొత్తగా వెయ్యమన్నాడు. వేశాను. నా కాలేజీ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయన్న సంగతి తుడిచాక గుర్తొచ్చింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, ఖాళీ అయిపోయిన కంప్యూటర్‌ను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, స్నానానికి వెళ్లిపోయాడు.

మళ్లీ వైరు పెట్టాను. మళ్లీ ఆఫ్‌లైన్. తల పట్టుకున్నాను. అప్పుడు వెనక నుంచి అమ్మ, ఎంతో ఓపికగా, నన్ను ఓదారుస్తున్నట్టే అంది: "నువ్వు వైరు పెట్టినప్పుడల్లా గిది ఒకటి అడుగుతుంది బిడ్డా. నేను వద్దంటనే ఉన్న తీ. నువ్వు రంది పడకు."

తిరిగి చూశాను. ఇన్ని రోజుల్లో తిరిగి చూడడం అదే మొదలు.

"ఏమడుగుతుందే?"

"నాకేమెరుక, ఇంగ్లిష్‌ల ఉంటది. నువ్వే చెప్పినవ్ గద, ఫోన్ ఏదడిగినా ఎడమదిక్కుది ఒత్తుమని. గదే ఒత్తుతున్న."

నిజమే, నేనే చెప్పాను. ఒకసారి అమ్మ తెలియక ఏదో నొక్కితే కాలర్ ట్యూన్ పడి బ్యాలెన్స్ పోయింది. ఆ రోజు పెద్ద ప్రొఫెసర్‌లా ఉపన్యాసం ఇచ్చాను. ఈ కంప్యూటర్‌ను నమ్మనా అని ఫోన్ ప్రతిసారీ మర్యాదగా అడుగుతుంటే, మా అమ్మ ప్రతిసారీ అంతే మర్యాదగా వద్దని చెబుతూ వచ్చింది. చెప్పిన మాట ఇంత బాగా వినే శిష్యురాలు ఏ గురువుకూ దొరకదు. కోపం తెచ్చుకుందామన్నా ఎవరిమీద తెచ్చుకోను?

కుడివైపుది నొక్కించాను. క్షణంలో కనెక్షన్ వచ్చేసింది. రూట్ అయింది. ఫాంట్ వేశాను. ఫోన్ ఆరిపోయి మళ్లీ వెలిగేలోగా, ఆ మెసేజ్‌లు గనక తుడిచిపెట్టుకుపోతే అమ్మకు మొహం ఎలా చూపించాలా అని చెమటలు పట్టాయి. ఉన్నాయి. డబ్బాల స్థానంలో గుండ్రటి అక్షరాలు వచ్చాయి. సరిగ్గా వచ్చాయో లేదో నాకు చదవడం రాదు కాబట్టి అమ్మ మొహమే చూస్తూ నిలబడ్డాను.

అమ్మ పెదవులు కదుపుతూ చదివింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెద్దమ్మకు ఏమైందోనని భయపడ్డాను. ఏం రాసిందని అడిగితే పైకి చదివింది.

"నోరు తెరవద్దన్నరు గని చెవులు మంచిగనే ఉన్నయి. ఫోన్ చెయ్యి. నువ్వు మాట్లాడు, నేను వింట."

దాని కింద నా ఓకే.

"పొద్దటి సంది చూస్తున్న. జర చెయ్యవే. ఇంట్ల ఏం తోస్తలేదు."

దాని కింద నా ఓకే.

"ఓకే అంటవు, చెయ్యవు. నా మీద కోపమొచ్చిందా?"

దాని కింద కూడా, ఎంతో వినయంగా, నా ఓకే.

ఎక్కడైనా దాక్కుందామంటే మాది రెండు గదుల క్వార్టర్. మాట్లాడలేని మనిషి అక్కడ ఫోన్ చేతిలో పట్టుకుని చెల్లెలి గొంతు కోసం చూస్తూ ఉంటే, ఇక్కడ నేను ఆమె రాసింది చదివేందుకు విండోస్ మారుస్తూ కూర్చున్నాను. చేయాల్సిందల్లా ఒక్క ఫోన్. ఆ తర్వాత పట్టుబట్టి అమ్మ దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నానంటే కారణం ఈ సిగ్గే.

అమ్మ అప్పటికే ఫోన్ కలిపింది. "అక్కా, నువ్వు మాట్లాడకు, నేనే చెప్త," అని మొదలుపెట్టి, డబ్బాల నుంచి ఓకేల దాకా పూసగుచ్చినట్టు చెప్పింది. ఓకేలు కొట్టింది ఎవరో మరీ వివరంగా చెప్పింది. అటునుంచి గాలి బుస్సుమన్నట్టు, ఈలలాంటి శబ్దం ఒకటి వచ్చి, ఆగి, మళ్లీ వచ్చింది. వెంటనే పెదనాన్న గొంతు వినిపించింది: "ఏం చెప్పినవమ్మా ఈమెకు? డాక్టర్ నవ్వొద్దన్నడు."

ఆపరేషన్ తర్వాత పెద్దమ్మ గొంతులోంచి వచ్చిన మొదటి శబ్దానికి కారకుణ్ని నేనే. ఆ గౌరవానికి తగ్గట్టు, ఉతికిన చొక్కా వేసుకుని, అమ్మ ఎదుట నిలబడి శపథం చేశాను: ఇకమీదట ఏ ఫోన్ లోపలికి దూరాలన్నా, ముందు దాంతో ఒకసారి ఫోన్ చేసి చూస్తాను.