ఊగని కాగితం

ఇన్నేళ్లయినా పోలేదు ఈ మందుల ఫ్యాక్టరీ వాసన! అది ముక్కుకు తగిలితే చాలు, కోస్తా నుంచి మా పటాన్‌చెరు బడికి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరే గుర్తొస్తుంది.

నోటి ముందు కాగితం ముక్క పట్టుకుని ‘పెన్’ అని ఇంగ్లీషువాళ్లలా పలికితే ఊపిరికి అది ఊగాలట. నాది ఊగి చావదు.

“నోరు తెరిచి గాలి వదలవే!” అని ఆవిడ అరిచింది.

“గీ వాసనొస్తే నోరు తెర్వొద్దని మా అమ్మ చెప్పింది టీచర్.”

“సాకులు చెప్పకు!” అంటూ మొట్టికాయ వేసింది.

ఇంగ్లీషంటే వాసన లేని ఊళ్లవాళ్ల భాష కాబోలనుకుని ఉడుక్కున్నాను.

చలికాలం వచ్చి ఆ వాసన ఇంకా ముదిరేసరికి ఆవిడే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాఠం చెప్పసాగింది. ‘పెన్’ అన్నా ఆ కొంగు కదిలేది కాదు.

ఇప్పుడు పటాన్‌చెరు పక్కనే అమీన్‌పూర్‌లో మా పాప అలాంటి కాగితమే పట్టుకుని కూర్చుంది. “నోరు తెరువు బిడ్డా” అనబోయి, ముందు లేచి కిటికీ మూశాను.