చెవిలో పోసిన నీళ్ళు

ఇన్నేళ్ళూ ఒక మాట మింగుడుపడలేదు, బయటికీ రాలేదు. ఇంట్లో పిల్లలకు ఎన్నో కథలు చెప్పాను. కువైట్ జింక కథ కూడా చెప్పాను. కోతకు జింక తానే ఒప్పుకుందని చెప్పాను. అది అబద్ధం.

కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చిన ఏడు నేను అక్కడి ఫైలకా దీవిలో ఒక ఇంట పనిమనిషిని. మామా అని నేను పిలిచే యజమానురాలు, ఆమె ఇంటివాళ్ళు నన్ను ఇంటికి కాపలా పెట్టి, ముందే సముద్రం దాటి వెళ్ళిపోయారు. ఆ దీవిలో గ్రీకు దేవతల పాతగుడి రాళ్ళున్నాయి. ఒక మధ్యాహ్నం అటునుంచి, విల్లు పట్టుకున్న పిల్ల ఒకతె కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చింది. కాలికి తుపాకి దెబ్బ. మా కడప మాటే మాట్లాడింది. ఎలాగని అడిగే తీరిక ఎక్కడిది?

“ఎవురు పాపా నువ్వు?”

“వేటదేవత ఆర్టెమిస్ అమ్మ దగ్గర వేటకత్తెను అక్కా. దేవుళ్ళంతా దీవి ఇడిసి పోయినారు. నేను ఎనకబడినా. పొద్దుగూకేతలికి అమ్మ నాకోసరం వస్తాది. అందాక జింకనై దాక్కుంటా. ఎవురికీ అప్పజెప్పాకు.”

“జింకవైతే కూర వొండుకుంటారే పిచ్చిదానా!”

నవ్వింది. “అడక్కుండా ఎట్లా కోస్తారు? మా గుడిలో నెత్తిన నీళ్ళు పోసి అడుగుతారు. ఒళ్ళు విదిలిస్తేనే ఒప్పుకున్నట్టు.”

“మా ఊర్లో అమ్మోరి పొట్టేలుకూ అంతే గదే!”

చూస్తుండగానే జింకైపోయింది. బియ్యం గదిలో దాచాను.

గంటకే ఒక ఇరాకీ సిపాయి వచ్చాడు. ఇళ్ళన్నీ ఖాళీ చేయాలట. ఆఖరి పడవలో పనివాళ్ళకు చోటు లేదట. “ఖలాస్” అన్నాడు. మిగిలిపోయినవాళ్ళ గతేమిటో చెప్పలేదు. వాడి దవడలు ఆకలికి పీక్కుపోయి ఉన్నాయి. జింక సంగతి వాడికి తెలియదు. నేనే చెప్పాను. మాంసం ఇస్తాను, చోటివ్వమన్నాను.

భయమా? భయమే. భయపడినవాళ్ళంతా ఈ పని చేస్తారా?

చెంబుతో గదిలోకి వెళ్ళి నెత్తిన నీళ్ళు పోశాను. జింక కదల్లేదు. ఆ నీళ్ళకు అర్థం తెలిసిందే కనుక, కాళ్ళు బిగబట్టి, చర్మం కూడా వణకనీయకుండా, నా కళ్ళలోకే చూస్తూ నిలబడింది. వద్దని అంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు? బయట సిపాయి “యల్లా, యల్లా” అని తొందరపెడుతున్నాడు. మిగిలిన నీళ్ళు దాని చెవిలో పోశాను. చెవిలో నీళ్ళు పడితే ఏ జంతువైనా విదిలిస్తుంది. విదిలించింది. ఒప్పుకుంది, ఒప్పుకుంది అని పైకే అనుకుంటూ మెడకు తాడు వేసి వాడి చేతికిచ్చాను.

పడవ కదిలేసరికి పొద్దు నీళ్ళను తాకుతోంది. ఒడ్డున, విల్లు భుజాన వేసుకున్న ఒక పొడవాటి ఆడమనిషి గుడి రాళ్ళ మధ్య వెతుకుతూ “మెలీనా, మెలీనా” అని పిలుస్తోంది. సిపాయిలకు ఆమె కనబడినట్టు లేదు. నేను చెయ్యెత్తి చెప్పగలిగేదాన్నే. తల దించుకుని కూర్చున్నాను. ఆ పిల్ల పేరు నాకు అప్పుడే తెలిసింది. నేను అడగనే లేదు.

పిల్లలకు ఆ పేరు ఏనాడూ చెప్పలేదు. జింకకు పేరుంటే, ఒప్పుకుందని చెప్పడానికి నోరు రాదు కదా.

మెలీనా. పైకి పలికాక ఊపిరి కాస్త ఆడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ అమ్మ ఇప్పటికీ వెతుకుతూ ఉంటే, విననీ.