రాయి పలకని సాయంత్రం

గుంతకల్లు స్టేషన్లో మమ్మల్ని దించేసరికి ఇంకా పొద్దున ఎనిమిది కాలేదు. పట్టాలు అప్పటికే కాలుతున్నాయి. గూడ్సు పెట్టెల్లోంచి కంప్రెసరు, డ్రిల్లు కమ్మీలు, తీగ చుట్టలు, పేలుడు మందు పెట్టెలు దించాం. మందుకు విడిగా ఒక లారీ. దాని దరిదాపుల్లో బీడీ ముట్టించకూడదని ఆర్డరు. సైన్యం అనగానే మీకు తుపాకీ గుర్తొస్తుంది. ఆ ఏడాది మా ఇంజినీర్ల కంపెనీకి చూపించిన శత్రువు అనంతపురం జిల్లా నల్లరాయి. యాభైల తొలి ఏళ్ళు అవి. మూడేళ్ళుగా వాన మొహం చాటేసింది. ఎండిన బావుల్ని పేల్చి ఇంకా లోతు చేయాలి. నీళ్ళు పడ్డా పడకపోయినా గడువు కాగానే పక్క ఊరికి కదలాలి.

వజ్రకరూరు దాటాక ఎర్రమట్టి దిబ్బ మీద డేరాలు వేశాం. మధ్యాహ్నం నీడ అంటే లారీ కింద నీడే. తాగే నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి, మనిషికి రోజుకు రెండు వాటర్ బాటిళ్ళు. గడ్డం గీసుకోవడం వారానికోసారి చాలన్నారు. మా సుబేదారు సాబ్ మధుర వైపు మనిషి, గడ్డం లేకుండా సైనికుడు ఉండాలని పట్టుదల కలవాడు, ఆ ఒక్క ఆర్డరు చదివేటప్పుడు ఆయన మొహం చూడాల్సింది.

నాది ఆ జిల్లానే. అందుకే నన్ను జనాన్ని అదుపు చేసే పనికి పెట్టారు. పేలుడుకు ముందు ఈల ఊదాలి, జనాన్ని రాళ్ళు పడని దూరానికి తరమాలి, తర్వాత చెవి పెట్టి వినాలి. పేలాక లోపల రాళ్ళు జారడం ఆగిందో లేదో విని చెప్పేది నేనే. ఇంకో రూలు ఉండేది. మీట నొక్కినా పేలకపోతే అరగంట వరకు ఎవరూ బావి వైపు అడుగు వేయకూడదు. మందు పెట్టే హవల్దారు నాకు మొదటి రోజే చెప్పాడు.

"చప్పుడు రాలేదంటే అయిపోయిందని కాదు. ఆగు. అది ఎందుకు ఊరుకుందో నీకు తెలీదు."

నాకు నవ్వొచ్చింది. మా నాయన అచ్చం ఇదే మాట ఇంకో సంగతి గురించి చెప్పేవాడు.

నాయన మా పల్లెలో క్రైస్తవ ఉపదేశి. పాదిరి అయ్యగారు రెండు నెలలకోసారి గుర్రబ్బండిలో వచ్చి పోతే, మిగతా రోజుల్లో గుడిసె గుళ్ళో ప్రార్థన నడిపేది ఆయనే. మా వాళ్ళలో కనిపెట్టు ప్రార్థన అని ఒకటుంది. ఏదైనా తేలని సంగతి వస్తే అందరూ కూర్చుని దాన్ని ప్రభువు ముందు పెడతారు. ఆ తర్వాత ఒక్కరూ నోరు విప్పరు. దేవుడు ఎవరి మనసులోనైనా మాట వేస్తాడని కనిపెట్టుకుని, అంటే ఎదురుచూస్తూ, ఉంటారు. చివర్లో సంఘం పెద్ద అడుగుతాడు, "ఎవురికన్నా మాట వచ్చిందా?" అని. రాకపోతే ఇళ్ళకు పోయి మర్నాడు మళ్ళీ కూర్చుంటారు. చిన్నప్పుడు నాకు మోకాళ్ళ నొప్పి తప్ప ఏ మాటా వచ్చేది కాదు. "అడిగి లేచిపోతే ఎట్లరా? అడిగినోడు కూచోవల్ల," అనేవాడు నాయన.

మూడో మకాం పేరు సుబేదారు సాబ్ చదవగానే మళ్ళీ చదవమని అడిగాను. అది మా అక్క రూతమ్మ మెట్టిన పల్లె. నాయన అప్పటికే పోయాడు. అక్కడ ఉపదేశి మా బావ జీవరత్నం. ఇరవై గడపల కూలి జనం. పెద్ద ఊరి బావిలో వాళ్ళు చేద వేయడానికి లేదు. దూరంగా కడవ పెట్టుకుని, ఎవరికైనా దయ కలిగి పోసేదాకా నిలబడాలి. సర్కారు ఇచ్చిన బంజరు ముక్కలో వాళ్ళే తవ్వుకున్న బావి ఒకటుంది. అదే మేం పేల్చాల్సింది.

అక్క నన్ను యూనిఫాంలో చూసి మొదట భయపడింది. తర్వాత నెత్తిన ఒకటి మొట్టింది.

"ఏమ్రా సామేలూ, సిపాయివయినావని చెప్పులతోనే లోపలికొస్తాండావే!"

అక్క వాకిట్లో కూర్చుని కొత్త చుట్టకుదురు అల్లుతోంది. నెత్తి మీద కడవ కింద పెట్టుకునే ఆ చుట్టను మామూలుగా పాత గుడ్డతో చుట్టి పారేస్తారు. ఇది ఈతాకుతో, అంచుకు ఎర్ర గుడ్డ కుట్టి, పెళ్ళికూతురి కోసమన్నట్టు చేస్తోంది. మా బావిలో నీళ్ళు పడితే మోసే మొదటి కడవకు ఇది, అంది.

పని నడిచింది. పొద్దున డ్రిల్లు, మధ్యాహ్నం మందు దట్టించడం, పొద్దు వాలుతుండగా పేలుడు, మర్నాడు తెల్లారుతూనే రాళ్ళు ఎత్తి మళ్ళీ డ్రిల్లు. మా వైర్‌లెస్ ఆపరేటరు మలయాళీ. రోజూ సాయంత్రం వాడి మాటలు ఒకటే.

"నీళ్ళు?" అని హెడ్‌క్వార్టర్సు.

"లేవు సార్."

"మరి ఏముంది?"

"రాయి ఉంది సార్."

ఇంతలో తుంగభద్ర కాలువ పని మేస్త్రీ లారీతో దిగాడు. పల్లె పల్లెంతా వస్తే అందరికీ పని, తిండి, గుడిసెలు అన్నాడు. పల్లె రెండుగా చీలింది. పిల్లలున్నవాళ్ళు పోదామన్నారు. ముసలివాళ్ళు, గుడిసె గుడిని వాళ్ళ చేతులతో కట్టుకున్నవాళ్ళు, ఉందామన్నారు. బావ కనిపెట్టు ప్రార్థన పెట్టాడు. మూడు రోజులు కూర్చున్నారు. ఎవరికీ మాట రాలేదు. మేస్త్రీ లారీ హారను మోగిస్తూనే ఉన్నాడు.

నాలుగో రోజు సాయంత్రం నేను ఈల నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాను. పల్లె జనమంతా నా వెనక గుట్టగా కూర్చుని, తలల మీద కొంగులు, తువ్వాళ్ళు కప్పుకుని, మౌనంగా ఉన్నారు. ఎందుకో నాకు తెలీదు. పేలుడు చూడ్డానికి వచ్చారనుకున్నాను. సుబేదారు సాబ్ చెయ్యి ఎత్తాడు. ఈల ఊదాను. హవల్దారు మీట నొక్కాడు.

ఏమీ లేదు.

మళ్ళీ నొక్కాడు. గాలి కూడా లేదు. అంత నిశ్శబ్దం నేను ఆ తర్వాత సరిహద్దులో మంచు మీద కూడా వినలేదు. వెనక్కి తిరిగి "అరగంట ఎవరూ కదలొద్దు" అని అరిచాను. అప్పుడు చూశాను బావ మొహం. నెత్తురు చుక్క లేదు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

అరగంట అయ్యేసరికి చీకటి పడుతోంది. చీకట్లో బావిలో దిగడానికి లేదని, తెల్లారి చూద్దామని సుబేదారు సాబ్ చెప్పాడు. నేను బావ దగ్గరికి పరిగెత్తాను.

"ఏమైంది బావా?"

"ప్రభువు ముందర మాట పెట్టినా సామేలూ. ఈ పొద్దు రాయి పలికితే ఈడే ఉంటాం, పలక్కపోతే పోతాం అని. అందరి ముందరా చెప్పినా."

"అదేం మాట బావా? అది రోజూ పేలుతాండాది కదా!"

"అందుకే అట్ల పెట్టినా," అన్నాడు చిన్నగా.

అప్పుడు అర్థమైంది నాకు. బావకు ఉండాలని ఉంది. మూడు రోజులు ఎదురుచూసి ఓపిక చచ్చి, తప్పక అవుననే జవాబు వచ్చే ప్రశ్న దేవుణ్ణి అడిగాడు. రోజూ పేలే రాయిని సాక్షిగా పెట్టి, జవాబు తనే రాసుకున్నాడు. మనిషి మంచివాడు. తన జనం విడిపోకూడదని చేశాడు. ఆ ఒక్క రోజే రాయి పలకలేదు.

"తీగ తెగింటాది బావా, అంతే. పొద్దున కడితే పేలుతాది. ఒక్క పూట ఆగండి."

"నిన్ను అడగలేదబ్బీ మేము. ఆయన్ని అడిగినాం," అన్నాడు. "ఇప్పుడు తీగ అంటే, ఆయనకు చెప్పిన మాట ఏం కావల్ల?"

అక్క వైపు తిరిగాను. అక్క అప్పటికే గంజి కుండలు మూట కడుతోంది.

"నువ్వన్నా చెప్పక్కా. నాయన ఉంటే ఏమంటుండె?"

"కూచోమంటుండె," అంది అక్క. "నాయన లేడు కదరా."

తెల్లవారుతుండగా లారీ వచ్చింది. కర్రలు, చాపలు, కోళ్ళు, గుడి గంట కూడా ఎక్కించారు. పల్లె ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అక్క ఎక్కబోయి ఆగింది. బావి దగ్గరికి నడిచి, గిలక కొయ్యకు ఉన్న మేకుకు ఆ కొత్త చుట్టకుదురును తగిలించి వచ్చింది. నా బుగ్గ తట్టి ఎక్కింది. ధూళి అణిగేదాకా దారి మధ్యలో నిలబడ్డాను.

ఎండ ఎక్కాక హవల్దారు, నేను బావిలో దిగాం. రాతి అంచుకు ఒరుసుకుని తీగ ఒక చోట తెగి ఉంది. చిటికెన వేలంత మేర, అంతే. కట్టాడు. పైకి వచ్చాం. ఈల ఊదాను, తరమడానికి ఎవరూ లేరు. రాయి పేలింది. పొగ విడిచాక చెవి పెట్టాను. రాళ్ళు జారుతున్న చప్పుడు ఆగింది. దాని వెనక ఇంకో చప్పుడు ఉంది, సన్నగా, ఆగకుండా.

మధ్యాహ్నానికి నడుము లోతు నీళ్ళు. కంపెనీ అంతా బట్టలతో దూకింది. సుబేదారు సాబ్ గడ్డం గీసుకున్నాడు. నేను దోసిలితో తాగాను, కొబ్బరి నీళ్ళలా ఉన్నాయి. తాగుతూ ఏడ్చాను. నాకు ఆ నీళ్ళ మీద, ఆ తీగ మీద, బావ మీద, మాట్లాడని దేవుడి మీద కూడా కోపం వచ్చింది. వైర్‌లెస్ డేరాకు పరిగెత్తి, కాలువ క్యాంపుకు కబురు పంపమన్నాను.

"మీ అక్క ఏ యూనిట్?" అన్నాడు ఆపరేటరు. వాడు వెటకారం చేయలేదు. సెట్టులో అక్కలకు చోటు లేదు, అంతే.

ఒక లారీ డ్రైవరు చేత నోటి మాట పంపాను, నీళ్ళు పడ్డాయి రండి అని. మేం అక్కడ ఉన్నన్నాళ్ళలోనే వాడు బావ జవాబు తెచ్చాడు. పదిమంది ముందర దేవుడే పొమ్మన్నాడని చెప్పినా, ఇప్పుడు తిరిగొస్తే ఆయన్ను ఎగతాళి చేసినట్లు అవుతాది, అన్నాడట. గడువు కాగానే మేం కదిలాం. అప్పటికే పెద్ద ఊరి రైతు ఒకాయన వచ్చి బావి చుట్టూ కొలుచుకుంటున్నాడు.

అరవైలలో పెన్షను పట్టుకుని ఇంటికొచ్చాను. దారిలో ముందు కాలువ గట్టుకు వెళ్ళాను. బావ జ్వరంతో పోయి చాలా ఏళ్ళైందని అప్పుడే తెలిసింది. అక్క జుట్టు నెరిసింది. నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఎన్నేళ్ళ నుంచో దాచుకున్నట్టు అడిగింది.

"ఆ నీళ్ళు తియ్యగా ఉన్నాయా సామేలూ?"

"లేదక్కా. ఉప్పు. నోట్లో పెట్టలేం."

అక్క నన్ను చూసి మెల్లగా నవ్వింది. "సైన్యానికి పోయి అబద్ధం చెప్పను కూడా నేర్చుకోలేకపోయినావు కదరా," అంది.

ఇప్పుడు మా ఊరి గుళ్ళో నేనూ కనిపెట్టుకుని కూర్చుంటాను. ఇప్పటికీ నాకు ఏ మాటా రాలేదు. అయినా పెద్ద లేచేదాకా లేవను. కళ్ళు మూసుకున్న ప్రతిసారీ ఒకటే కనిపిస్తుంది. నిండిన బావి, దాని మీద గిలక కొయ్య, మేకుకు ఎర్ర అంచు చుట్టకుదురు. ఒక్క చుక్క తడి తగల్లేదు దానికి.