కారు నిద్రపోయే చోటు

వెర్లీన్ గాడిస్ కారు డెట్రాయిట్‌లో ఆమె పడకగది కిటికీ కింద నిద్రపోయేది. కాగితాల మీద మాత్రం ఊరి బయట కాంటన్‌లో, పెద్దమ్మ కూతురు క్లాడెట్ ఇంటి వాకిట్లో పడుకునేది.

అందుకు వెర్లీన్ ఎన్నడూ సిగ్గుపడలేదు. ఆ వీధిలో కార్లన్నీ అలాంటివే. ఎదురింటి ర్యూబెన్ పికప్పు ఏ రాత్రికారాత్రి సౌత్‌ఫీల్డ్‌లోని మేనత్త పంచన చేరేది. మూలింటి ఎర్ర కారు ఎవరో విడాకులిచ్చిన మొగుడి అమ్మగారింట్లో ఉండేది. ఉన్నచోటే ఉన్నట్టు రాయించుకున్నది ఒక్క పాస్టరుగారి కారు. దాని ప్రీమియం కోసమే ఆదివారాలు కానుకల పళ్ళెం రెండోసారి తిరుగుతోందని చర్చి వెనక వరసలో చెప్పుకునేవారు.

వెర్లీన్ కోపం ఇన్సూరెన్సు కంపెనీ మీద. రిటైరయ్యేదాకా ఆమె సిటీ బస్సు నడిపింది. మంచులో, వరదలో, బాస్కెట్‌బాల్ ఆట ముగిసి తాగుబోతులందరూ ఒకేసారి ఎక్కిన సాయంత్రాల్లో నడిపింది. బస్సుకు గీత పడలేదు. అలాంటి మనిషి తన బ్యూయిక్‌కి ఇన్సూరెన్సు అడిగితే వాళ్ళు ఆమె చేతులు చూడలేదు, కళ్ళు చూడలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: కారు రాత్రిళ్ళు ఎక్కడ నిద్రపోతుంది? డెట్రాయిట్ అంటే ఒక ధర, కాంటన్ అంటే అందులో సగం.

"నేనెక్కడ పడుకుంటానో నా మొగుడు కూడా ఇంత ఆరా తియ్యలేదు" అని అప్పట్లో వెర్లీన్ ఫోన్ పెట్టేసి, క్లాడెట్‌ని అడ్రసు అడిగింది.

క్లాడెట్ డబ్బు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని వెర్లీన్‌కి తరవాత తెలిసొచ్చింది. థాంక్స్‌గివింగ్ పండక్కి కాబ్లర్ అనే పీచ్ పళ్ళ తీపి వంటకం వెర్లీన్ చెయ్యాలి, అదీ రెండు పెద్ద పళ్ళేలు. క్లాడెట్ ఓడ విహారానికి వెళితే మొక్కలకు నీళ్ళు వెర్లీన్ పొయ్యాలి. బంధువులొచ్చినప్పుడల్లా క్లాడెట్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మా వెర్లీన్‌ని నేనే కాస్త కనిపెట్టుకుని ఉంటాను" అనేది. వెర్లీన్ పళ్ళు కొరికి నవ్వేది. అన్నిటికీ మించి, అప్పుడప్పుడు క్లాడెట్ కారులో ఆమె పక్కన కూర్చోవాలి. క్లాడెట్ పచ్చ లైటు దగ్గర బ్రేకు వేసేది. ఎందుకంటే, అది ఏ క్షణంలోనైనా ఎరుపు కావచ్చునట.

మార్చి చివర మంచువాన కురిసింది. పక్కనున్న ఖాళీ స్థలంలో, ఇల్లు పడగొట్టినా ఎవరూ కొట్టని పెద్ద మేపుల్ చెట్టుంది. పొద్దున్నే వెర్లీన్ కిటికీ తెర తీసేసరికి ఆ చెట్టు కొమ్మ ఒకటి బ్యూయిక్ మీద పడి ఉంది. డ్రైవరు పక్క సీటు పైన కప్పు లోపలికి కుంగిపోయింది.

ర్యూబెన్ అప్పటికే అక్కడ నిలబడి కాఫీ తాగుతున్నాడు.

"మిస్ వెర్లీన్, మీ బండి మీద చెట్టుకి మనసైనట్టుంది."

"మాటలు తరవాత, ముందు దాన్ని లేపు ర్యూబెన్."

"నేను లేపితే నా నడుం పడుతుంది. నా నడుముకి ఇన్సూరెన్సు లేదు."

వెర్లీన్ తన ఏజెంటు రీటా కషాట్‌కి ఫోన్ చేసింది. ఢీకొట్టడం వేరు, మీద పడటం వేరని రీటా చెప్పింది. కొమ్మ పడినా, దొంగ పడినా, జింక అడ్డం పడినా దానికి వేరే కవరేజీ, అది వెర్లీన్‌కి ఉంది. కంపెనీ మనిషి మర్నాడు వచ్చి కారు చూస్తారు.

"ఎక్కడికి రమ్మనను మిస్ వెర్లీన్? కాంటన్‌కేగా?"

వెర్లీన్ కిటికీలోంచి కొమ్మకేసి చూసింది.

"కాంటన్‌కే" అంది వెర్లీన్.

వెంటనే క్లాడెట్‌కి ఫోన్ చేసింది. క్లాడెట్ కొంచెం కూడా కంగారుపడలేదు. "తీసుకొచ్చి నా వాకిట్లో పెట్టవే, అంతేగా" అంది.

"మరి కొమ్మ?"

"కొమ్మ లేకుండా కప్పు ఎలా కుంగిందంటావే? అదీ తీసుకురా."

అలా ఆ మధ్యాహ్నం కుంగిన బ్యూయిక్ ముందు, కొమ్మను తాళ్ళతో కట్టుకున్న ర్యూబెన్ పికప్పు వెనక, రెండూ మెల్లగా వీధి దాటాయి. మూలింటి ముసలాయన శవయాత్ర అనుకుని టోపీ తీశాడు.

దారి పొడుగునా వెర్లీన్‌కి ఒకటే ఆలోచన. అడ్రసు దొంగదని తేలితే పాలసీ రద్దవుతుంది. ఒకసారి రద్దయిన మనిషిని ఇంకో కంపెనీ తను కట్టగల ధరకు తీసుకోదు. ఇన్సూరెన్సు లేకపోతే కారు రోడ్డెక్కకూడదు. అప్పుడిక చర్చికీ, డాక్టరు దగ్గరకీ, సరుకులకీ క్లాడెట్ పక్క సీట్లో కూర్చోవాలి. పచ్చ లైట్లన్నిటి దగ్గరా ఆగుతూ, బతికినన్నాళ్ళూ.

కాంటన్‌లో క్లాడెట్ ఉండే కాలనీకి చెట్లున్నాయి గానీ, అవి వేలెడు లావున, ఊత కర్రలకు కట్టేసి ఉన్నాయి. వెర్లీన్ వాటిని ఇదివరకు చాలాసార్లు చూసింది. వాటిలో కొమ్మ విరిగిపడేంత చెట్టు ఒక్కటీ లేదని ఇవాళే గమనించింది. క్లాడెట్ ఇంటి చెప్పులతోనే బయటికి వచ్చి దర్శకత్వం మొదలెట్టింది.

"గడ్డి మీద వద్దు ర్యూబెన్! కారు మీదే పెట్టు. కొంచెం వంకరగా. పడ్డట్టుండాలి, పెట్టినట్టుండకూడదు."

"మేడమ్, ఇది ఎక్కణ్ణించి పడిందని చెబుతారు?" అన్నాడు ర్యూబెన్, ఆ కర్రల్లాంటి చెట్లకేసి చూస్తూ.

"గాలికొచ్చింది. కాంటన్‌లో గాలెక్కువ."

మర్నాడు కంపెనీ నుంచి వచ్చింది ఒక చిన్నమ్మాయి. జాకెట్ మీద కవాల్స్కీ అని పేరు. బూట్లకు బురద. వేడుక చూడకుండా ఉండలేక ర్యూబెన్ కూడా వెర్లీన్‌ని తన బండిలో ఎక్కించుకుని వచ్చాడు. ఆ అమ్మాయి కారు చుట్టూ తిరిగి ఫోటోలు తీసింది. కొమ్మ చూసింది. కాలనీ చెట్లు చూసింది. మళ్ళీ కొమ్మ చూసింది.

"ఇది ఏ చెట్టుదండీ?"

"గాలికొచ్చిందమ్మా" అంది క్లాడెట్.

ర్యూబెన్‌కి పొలమారింది. ఆ అమ్మాయి వాదించలేదు. చేతిలో ఉన్న కంప్యూటరు పలక మీద ఏదో నొక్కి, "మామూలుగా అడిగే ప్రశ్నేనండీ. కారు రోజూ రాత్రి ఎక్కడ నిద్రపోతుంది?" అంది.

వెర్లీన్ నోరు తెరిచేలోగా క్లాడెట్ అందుకుంది.

"ఇక్కడే. మా చెల్లెలు నా దగ్గరే ఉంటుంది పాపం. దానికి చూపు కూడా సరిగా ఆనడం లేదు. బండి ఊరికే అలా పడుంటుంది. ఎక్కడికెళ్ళాలన్నా నేనే తీసుకెళ్తాను, అది పక్కన కూర్చుంటుంది."

అబద్ధం వరకూ వెర్లీన్ సిద్ధపడే వచ్చింది. ఈ అబద్ధానికి సిద్ధపడలేదు.

"ఎవరు ఎవర్ని తీసుకెళ్ళేది?"

"వెర్లీన్, నువ్వుండవే."

"నేనెందుకుండాలే? పచ్చ లైటు చూసి బ్రేకు నొక్కే దానివి, నువ్వు నన్ను తీసుకెళ్తావా? డెట్రాయిట్‌లో సగం జనాన్ని నేను పనికి తీసుకెళ్ళాను. నీ పెళ్ళి రోజున చర్చికి తీసుకెళ్ళిందీ నేనే. ఆ రోజు కూడా వెనక సీట్లోంచి మెల్లగా, మెల్లగా అని ఏడ్చావు. నేను మెల్లగా వెళ్ళలేదు కనకే కదే నీకు ఆ మొగుడు దొరికాడు. కాస్త ఆలస్యమైతే వాడు బుద్ధి తెచ్చుకుని వెళ్ళిపోయేవాడు!"

"చూశారా, మతి కూడా..." అంది క్లాడెట్.

వెర్లీన్ ఆ అమ్మాయి వైపు తిరిగింది. "రాసుకో తల్లీ. ఈ కారు డెట్రాయిట్‌లో నా కిటికీ కింద నిద్రపోతుంది. కొమ్మా అక్కడిదే. మేమే మోసుకొచ్చాం. నాకు చూపు ఆనుతుంది. నీ ఎడమ బూటు లేసు ఊడింది."

ఆ అమ్మాయి కిందికి చూసింది. ఊడే ఉంది.

"నేను దారిన పోయేవాణ్ణండీ" అన్నాడు ర్యూబెన్.

కవాల్స్కీ లేసు కట్టుకుని లేచింది. "అడ్రసు తప్పని రాయక తప్పదండీ. దానికే వాళ్ళు పాలసీ రద్దు చెయ్యొచ్చు. కప్పు డబ్బు కూడా తీసుకుంటే తప్పకుండా చేస్తారు. క్లెయిమ్ మీ అంతట మీరే వెనక్కి తీసుకుంటున్నారని రాయనా? అలా అయితే సరిచేసుకునే అవకాశం ఇవ్వొచ్చు. ఇస్తారని మాత్రం చెప్పలేను."

"కప్పు పోతే పోయింది. రాయి" అంది వెర్లీన్.

అక్కణ్ణించి తిన్నగా రీటా కషాట్ ఆఫీసుకు వెళ్ళింది. కుంగిన కారులోనే, తనే నడుపుకుంటూ. ఆ ఆఫీసు కోనీ డాగ్‌లు, అంటే ఉల్లిపాయలు చల్లిన సాసేజీ బన్నులు, అమ్మే హోటల్ పక్కనే ఉండటంతో అక్కడి ఫైళ్ళకు కూడా ఉల్లిపాయల వాసన. రీటా అప్పటికే కంపెనీతో మాట్లాడి ఉంది.

"ఒప్పుకున్నారు. ఇవాళ్టినుంచి సరైన అడ్రసు మీద కొత్తగా రాయాలి. రేపైతే లేదు" అంది. తరవాత కళ్ళజోడు పైకి తోసుకుంది. "మీ కారు ఇన్నాళ్ళూ కాంటన్‌లో నిద్రపోతోందని నేను నమ్మాననుకున్నారా మిస్ వెర్లీన్?"

"మరి అడగలేదేం?"

"అడిగాను. మీరు కాంటన్ అన్నారు. నేను కాంటన్ అని రాశాను."

రీటా కంప్యూటరు తెర ఇటు తిప్పింది. డెట్రాయిట్ ధర చూసి వెర్లీన్ కుర్చీ చేతులు పట్టుకుంది.

"ఇది నా ప్రీమియమా, నీ ఆఫీసు అద్దా?"

"మీరు అప్పుడు ఏమడిగారో గుర్తుందా?"

"ఫుల్ కవరేజీ."

"ఆ పేరుతో ఏదీ లేదు మిస్ వెర్లీన్. పక్క హోటల్లో అన్నీ వేసి ఇవ్వమన్నట్టు అడిగారు. అన్నీ వేశారు. ఇప్పుడు ఏది తింటారో, ఏది తీసి పక్కన పెడతారో చెప్పండి."

ఒక్కొక్కటే తీసి చూశారు. రోజూ ఉద్యోగానికి అంత దూరం వెళ్ళొస్తున్నట్టు అందులో ఇంకా రాసి ఉంది. "నేను రిటైరై ఎంత కాలమైంది!" అంది వెర్లీన్. "మీరు చెప్పలేదు, వాళ్ళు అడగలేదు" అంది రీటా. అది కొట్టేస్తే కొంత తగ్గింది. చిన్న నష్టమైతే జేబులోంచి తనే పెట్టుకుంటానని ఆ మొత్తం పెంచుకుంటే ఇంకొంత తగ్గింది.

ఢీకొన్నప్పుడు ఇచ్చే కవరేజీ దగ్గర ఆగారు. అందులో చవకది ఒకటుందని, కాకపోతే తప్పు అవతలివాడిదైతేనే బాగు చేయిస్తారని, తనదే తప్పయితే పైసా రాదని రీటా చెప్పింది.

"అదే ఇవ్వు."

"ఆలోచించుకోండి మరి. తప్పు మీదైతే..."

"నాది ఎప్పుడైందే?"

రీటా ఆ గడి నొక్కింది. కొమ్మలకీ దొంగలకీ ఉన్నదాన్ని మాత్రం వెర్లీన్ తియ్యనివ్వలేదు. ఆ చెట్టుకు ఇంకా కొమ్మలున్నాయి.

అన్నిటికంటే పెద్ద ముద్ద వైద్యానిది. ప్రమాదంలో దెబ్బ తగిలితే ఎంతయినా సరే, ఎన్నాళ్ళయినా సరే ఇచ్చే రకం అది. ముసలివాళ్ళకి గవర్నమెంటు ఇచ్చే మెడికేర్ వెర్లీన్‌కి ఉంది కాబట్టి దాన్ని పూర్తిగా వదులుకోవచ్చు. ధర సగానికి సగం పడిపోతుంది.

"వదిలెయ్యి!"

"ఆగండి. మెడికేర్ ఆసుపత్రి ఖర్చులిస్తుంది. మీరు మంచాన పడితే ఇంట్లో ఉండి చూసుకునే మనిషికి జీతం ఇవ్వదు. అప్పుడు మీకు ఎవరున్నారు? కాంటన్‌లో మీ అక్క ఉందిగా?"

వెర్లీన్ కళ్ళ ముందు మంచం కనబడింది. మంచం పక్కన క్లాడెట్ ఇంటి చెప్పులతో నిలబడి, చూడ్డానికొచ్చిన వాళ్ళకు, "నేనే కాస్త కనిపెట్టుకుని ఉంటాను" అంటోంది.

"మధ్యరకం ఏదైనా ఉందా?"

"ఉంది."

"జీతమిచ్చి మనిషిని పెట్టుకోడానికి సరిపోతుందా?"

"చాలా కాలం సరిపోతుంది."

"అది రాయి."

చివరికి తేలిన ధర కాంటన్ ధర కంటే ఎక్కువే. వెర్లీన్ తెరకేసి చూస్తూ పీచ్ పళ్ళు, మొక్కలు, థాంక్స్‌గివింగ్ బల్ల దగ్గర భుజం మీద పడే చెయ్యి గుర్తు చేసుకుంది. సంతకం పెట్టింది.

"కారు ఎక్కడ నిద్రపోతుందని రాయను?" అంది రీటా, నవ్వాపుకుంటూ.

"నాతో."

కొమ్మ మాత్రం క్లాడెట్ వాకిట్లోనే ఉండిపోయింది. నడుం నొప్పి అని ర్యూబెన్ మళ్ళీ వెళ్ళలేదు. కాలనీ సంఘం వాళ్ళు వచ్చి, ఇంటి ముందు వంటచెరకు పెట్టుకోవడం నిబంధనలకు విరుద్ధమని క్లాడెట్‌కి జరిమానా వేశారు. ఆమె వెర్లీన్‌తో మాట్లాడటం మానేసింది. ఈస్టర్‌కి ముందు రోజు మాత్రం ఫోన్ చేసింది.

"నా కారు షెడ్డులో ఉందే. లైటు దగ్గర ఎవడో వెనక నుంచి గుద్దాడు."

"ఏ లైటు?"

క్లాడెట్ మాట మార్చింది. "రేపు చర్చికి నన్ను తీసుకెళ్తావా, లేదా?"

ఈస్టర్ పొద్దున వెర్లీన్ వెళ్ళింది. క్లాడెట్ నిమ్మపండు రంగు సూటు, దానికి సరిపోయే టోపీ వేసుకుని బయటికొచ్చింది. ఆ టోపీకి గోపురమంత ఎత్తు, రెండు ఈకలు. పక్క సీట్లో సగం కూర్చోగానే కుంగిన కప్పు టోపీకి తగిలింది.

"దీన్ని బాగు చేయించలేదేమే?"

"ఆ కొమ్మకి ఇన్సూరెన్సు రాలేదక్కా. కాంటన్ కొమ్మ కదా. టోపీ ఒళ్ళో పెట్టుకో."

క్లాడెట్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అయినా సరిపోక మెడ ఒక పక్కకు వంచింది. అలా వంచుకునే, "మెల్లగా పోనీ" అంది.

పెద్ద రోడ్డెక్కాక మొదటి కూడలిలో లైటు పచ్చగా ఉంది. క్లాడెట్ కాలు కింద లేని బ్రేకును గట్టిగా నొక్కింది. కారు ఆగలేదు.