ఈతకొలను అడుగున తాళి

కోవిల్‌పట్టి బైపాసు పక్కనున్న హోటల్లో ఈతకొలను శుభ్రం చేసేది తాయమ్మాళ్. పైన తేలే వేపాకులతో ఆమెకు పేచీ లేదు, వలతో ఎత్తి పారేస్తుంది. నానిపోయి అడుగుకు చేరినవే ప్రాణం తీస్తాయి. కెలికితే లేచి నీళ్లన్నీ కలకబారుస్తాయి. అందుకే నడుంలోతు నీళ్లలోకి దిగి, మోటారు గొట్టంతో మెల్లగా పీల్చాలి.

ఆ రోజు అలా వంగినప్పుడే మెడలో పసుపుతాడు తెగి, తాళి ఆకుల్లోకి జారింది.

తెగదా మరి? ఏటా తమిళ ఆడి నెల పద్దెనిమిదిన ఊళ్లో ఆడవాళ్లంతా పాత తాడు తీసి కొత్తది వేసుకుంటారు. ఈసారి ఈ మహాతల్లి వేసుకోలేదు. మొగుడు మురుగేశన్ గుండెనొప్పితో విరుదునగర్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన వచ్చి తన చేత్తో కడితేనే అని మొండికేసింది. క్లోరిన్ నీళ్లకు ఆ తాడు ఎప్పుడో చివికిపోయింది.

ఆ మురుగేశన్‌కు ఈ పొద్దే గుండెకు స్టెంటు వేసే ఆపరేషన్.

తాయమ్మాళ్ గట్టెక్కి మోటారు ఆపి, మళ్లీ దిగి మునిగింది. చేతికొచ్చేవన్నీ జిగట ఆకులే. మధ్యాహ్నం పెళ్లివాళ్లు దిగుతున్నారు, మోటారెందుకు ఆపావని మేనేజరు ఉదయకుమార్ తమిళంలో కేకలేస్తున్నాడు. తాళి తెగిందన్న మాట నోటితో అనాలంటేనే ఆమెకు భయం.

గట్టుమీద ఫోను మోగింది. సంగవి అని ఉందన్నాడు ఉదయకుమార్. ఆసుపత్రిలో తండ్రి దగ్గరున్న కూతురు.

బోసి మెడతో ఎలా ఎత్తుతుంది? తాళి దొరికాక ఎత్తితే మంచి కబురే వస్తుంది. ఇలా ఎత్తితే... ఛీ, పాడు ఆలోచన. మళ్లీ మునిగింది. ఫోను ఆగింది, మళ్లీ మోగింది. నీళ్లు నల్లబడి తన చెయ్యి తనకే కనబడడం లేదు. ఉదయకుమార్ ఇక ఊరుకోలేక ఫోను ఎత్తి, గట్టు పక్కన ఆమె తల పైకి రాగానే వంగి చెవి దగ్గర పెట్టాడు.

"ఏమే తాయీ, ఎంతసేపే పిలిచేది?" పీలగా మురుగేశన్ గొంతు. "అంతా అయిపోయినాది. వార్డుకు తెచ్చినారు. తిన్నావా?"

"మామా, తాలి నీళ్లలో పడిపోయినాది. మెడ బోసిగా ఉండాది."



"నేను ఈడ ఉండానే మే," అన్నాడు మురుగేశన్. "మోటారుకాడ నీళ్లలో ఏంది నువ్వు చేసేది? బయటికి రా ముందు."

అప్పటిదాకా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. మేనేజరు చూస్తున్నాడని కూడా లేకుండా, బోసి మెడ మీద చెయ్యేసుకుని తాయమ్మాళ్ బావురుమంది.